చివరి వంద మీటర్ల రాగి

నరసాపురంలో ఇంటర్నెట్ ఇప్పుడు గాజు తీగ మీద వస్తోంది. కరెంటు స్తంభాల వెంట సాగి, కొబ్బరి చెట్ల మధ్య నుంచి దిగి, వీధి గోడకో వసారా గోడకో బిగించిన చిన్న పెట్టెలోకి చేరుతుంది. అక్కడి దాకా వెలుగే. ఆ పెట్టె నుంచి మేడ మీది గదికి, కొట్టు వెనక గోదాముకు, చెరువు గట్టు మీది కెమెరాకు వెళ్లేది మాత్రం రాగి. ఎనిమిది సన్నని తీగలను రెండేసి చొప్పున పురిపెట్టి, పైన తొడుగు వేసిన లాన్ కేబుల్ అది. నెట్ సరిగా రావడం లేదని చేసే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ఈ చివరి వంద మీటర్లలోనే దొరుకుతుంది.

కొట్టుకు వెళ్లినవాడు సాధారణంగా ఒక్క ప్రశ్నే అడుగుతాడు: క్యాట్ 5ఈ తీసుకోవాలా, క్యాట్ 6 తీసుకోవాలా? ఈ మధ్య క్యాట్ 7, క్యాట్ 8 అని రాసి ఉన్నవి కూడా చూపిస్తున్నారు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. సముద్రానికి ఇంత దగ్గరలో, ఇంత తేమలో, ఇన్ని పిడుగులు పడే డెల్టాలో ఆ అంకె చివర చూడాల్సిన విషయం. అంతకన్నా ముందు చూడాల్సినవి తీగలోని లోహం, పైనున్న తొడుగు, కొసల్లో జాక్ బిగించిన తీరు, కేబుల్ గోడ దాటి బయటికి వెళ్తోందా లేదా అన్నది. ప్రమాణాల పత్రాలు శ్రద్ధగా చదివినా తేలేది ఇదే. తొడుగు మీద అచ్చేసిన అంకె కేబుల్ ఒక్కదాని గురించి చెప్పే మాట. మనకు కావలసింది ఈ కొస నుంచి ఆ కొస దాకా మొత్తం మార్గం.

పురి పెట్టడం కంప్యూటర్లకన్నా చాలా పాతది. టెలిఫోన్ తీగల్లోకి పక్క తీగల చప్పుడు దూరుతోందని, రెండు తీగలనూ ఒకదాని చుట్టూ ఒకటి తిప్పే పద్ధతికి అలెగ్జాండర్ గ్రాహం బెల్ 1881లోనే పేటెంట్ తీసుకున్నాడు. కొబ్బరి పీచు తాడుకు పురి బలం కోసం పెడతారు; ఇక్కడ పురి పెట్టేది శబ్దం వదిలించుకోవడానికి. మోటారు పక్క నుంచో, ట్యూబులైటు మీదుగానో వెళ్లే జంటలో ఒక తీగ ఆ రొదకు కొంచెం దగ్గరగా ఉంటుంది, రెండోది కొంచెం దూరంగా. అర చుట్టు తిరిగేసరికి దగ్గరున్నది దూరమవుతుంది, దూరమున్నది దగ్గరవుతుంది. ఇలా పొడవునా జరిగితే రెండు తీగల మీదా పడే రొద దాదాపు సమానమవుతుంది. అవతలి పరికరం రెండు తీగల మధ్య తేడాను మాత్రమే చదువుతుంది కాబట్టి, రెండింటి మీదా సమానంగా పడ్డ రొద లెక్కలోకి రాదు. ఇదే కారణంగా జంటలోని సంకేతం కూడా బయటికి పెద్దగా చిందదు.

కేబుల్ తొడుగు ఒక జానెడు చీల్చి చూస్తే ఇంకో సంగతి కనిపిస్తుంది. నీలం, నారింజ, ఆకుపచ్చ, గోధుమ రంగు జంటలు నాలుగింటికీ ఒకే పురి ఉండదు. ఒకటి బిగువుగా, ఒకటి కాస్త వదులుగా, ఒక్కోటి ఒక్కో లెక్కన తిరిగి ఉంటాయి. అన్నీ ఒకే లెక్కన తిరిగితే పక్కపక్క జంటలు పొడవునా ఒకే భంగిమలో ఎదురెదురుగా ఉండి, ఒకదాని సంకేతం ఇంకోదానిలోకి దూరుతుంది. దీన్నే క్రాస్‌టాక్ అంటారు. కేబుల్ ప్రమాణాల్లో చాలా కొలతలు దీన్ని పట్టుకోవడానికే.

మన ఊళ్లకు పురి జంట టెలిఫోన్ రూపంలో వచ్చింది. భూమిలో పాతిన జెల్లీ నింపిన కేబుళ్లు, స్తంభం నుంచి ఇంటికి దిగే నల్లని డ్రాప్ వైరు ఒక తరానికి బాగా గుర్తే. టెలిఫోన్ కేబుళ్ల తయారీకి ప్రభుత్వరంగ హిందూస్థాన్ కేబుల్స్ 1952లో బెంగాల్‌లోని రూప్‌నారాయణ్‌పూర్‌లో మొదలై, తర్వాత హైదరాబాదులోనూ యూనిట్ పెట్టింది. బీఎస్ఎన్ఎల్ 2005 జనవరిలో బ్రాడ్‌బ్యాండ్ మొదలుపెట్టినప్పుడు అదే టెలిఫోన్ జంట మీద సెకనుకు 256 కిలోబిట్ల నెట్ వచ్చింది. వానాకాలంలో లైన్లో గరగర వినిపించిన రోజున నెట్ కూడా పడిపోయేది. రాగికీ నీటికీ ఉన్న వైరం అప్పటి నుంచే మనకు తెలుసు.

ఈథర్నెట్ పుట్టింది 1973లో, కాలిఫోర్నియాలోని జిరాక్స్ పరిశోధన కేంద్రంలో. రాబర్ట్ మెట్‌కాఫ్ బృందం దాన్ని మందపాటి కోయాక్సియల్ కేబుల్ మీద నడిపింది. పురి జంటల మీద సెకనుకు 10 మెగాబిట్లు పంపే 10బేస్-టి ప్రమాణం 1990లో వచ్చింది. ఆ తర్వాత అడుగులు పెద్దవయ్యాయి: 1995లో వంద మెగాబిట్లు, 1999లో వెయ్యి, 2006లో పదివేలు. 2016లో వెనక్కి తిరిగి, ఆఫీసుల్లో అప్పటికే వేసి ఉన్న పాత కేబుళ్లను వాడుకునేందుకు రెండున్నర, అయిదు గిగాబిట్ల ప్రమాణం కూడా రాశారు. అందరూ కొత్త కేబుల్ లాగలేరని ప్రమాణాలు రాసేవాళ్లే ఒప్పుకున్న సందర్భం అది. నాకు బాగా నచ్చిన నిర్ణయం.

ఇక్కడ రెండు వేర్వేరు కుటుంబాల పత్రాలు ఉన్నాయని గుర్తుంచుకోవాలి. పరికరాలు ఎలా మాట్లాడుకోవాలో ఐఈఈఈ 802.3 చెబుతుంది. కేబుల్ ఎలా ఉండాలో అమెరికాలో టీఐఏ 568, అంతర్జాతీయంగా ఐఎస్ఓ/ఐఈసీ 11801 చెబుతాయి. 568 మొదటిసారి 1991లో వచ్చింది, 11801 1995లో. క్యాట్ అనే అంకె కేబుల్ కుటుంబానిది. వేగం పరికరాల కుటుంబానిది. కొట్లో ఈ రెండూ కలిసిపోయి "క్యాట్ 6 అంటే స్పీడు" అని చెప్పుకుంటారు. నిజానికి క్యాట్ 5, క్యాట్ 5ఈ కేబుళ్లను 100 మెగాహెర్ట్జ్ దాకా, క్యాట్ 6ను 250 దాకా, క్యాట్ 6ఏను 500 దాకా, క్యాట్ 8ను 2000 దాకా పరీక్షిస్తారు. క్యాట్ 8 మార్గం పొడవు 30 మీటర్లకే పరిమితం. అది డేటా సెంటర్ లోపల అరల మధ్య వేసేది. క్యాట్ 7ను టీఐఏ అసలు గుర్తించలేదు. అంతర్జాతీయ పత్రంలో ఉన్న క్యాట్ 7కు మనం రోజూ చూసే జాక్ సరిపోదు, వేరే రకం కనెక్టర్లు కావాలి. మామూలు జాక్ బిగించి, రిబ్బనులా పల్చగా చేసి క్యాట్ 7 అని అమ్మే ప్యాచ్ కార్డును చూసి డబ్బు ఎక్కువ పెట్టనక్కర్లేదు.

వంద మీటర్లు అన్న హద్దు కూడా ఒక మార్గాన్ని దృష్టిలో పెట్టుకుని రాసిందే. గోడలో స్థిరంగా ఉండే కేబుల్ 90 మీటర్లు, రెండు కొసల్లో కలిపే ప్యాచ్ కార్డులు కలిపి 10 మీటర్లు. వంద మీటర్ల క్యాట్ 5ఈ మార్గంలో 100 మెగాహెర్ట్జ్ దగ్గర 24 డెసిబెళ్ల దాకా క్షీణతను ఒప్పుకుంటారు. అంటే పంపిన శక్తిలో రెండువందల యాభయ్యో వంతు మాత్రమే అవతలికి చేరినా పరికరం దాన్ని అర్థం చేసుకోవాలి. అంత చిన్న సంకేతం పక్కన పొరుగు జంట రొద చేస్తే ఏమవుతుందో ఊహించవచ్చు. క్యాట్ 6లో క్రాస్‌టాక్ పరిమితి క్యాట్ 5ఈ కన్నా దాదాపు పది డెసిబెళ్లు మెరుగ్గా ఉంటుంది, అంటే పక్కకు చిందే శక్తి పదో వంతు. క్యాట్ 6కు అసలు విలువ ఇక్కడుంది.

ఇంటికి ఏది చాలు? సెకనుకు ఒక గిగాబిట్‌కు సరైన రాగితో చేసిన క్యాట్ 5ఈ చాలు. 1999 నాటి గిగాబిట్ ప్రమాణం నాలుగు జంటలనూ ఒకేసారి రెండు దిశల్లోనూ వాడుతుంది. ఒక్కో జంట 250 మెగాబిట్లు మోస్తుంది. అయినా కొత్తగా వేసేవాళ్లకు నేను క్యాట్ 6 అనే చెబుతాను. అందులోని తీగ సాధారణంగా 0.57 మిల్లీమీటర్లు, క్యాట్ 5ఈలో 0.51. రాగి మందం పెరిగితే కెమెరాలకూ వైఫై పెట్టెలకూ ఇదే కేబుల్‌లో పంపే కరెంటుకు దారి సుగమమవుతుంది. పది గిగాబిట్లు కావాలనుకునే ఆఫీసుకు క్యాట్ 6ఏ. మామూలు క్యాట్ 6 మీద పది గిగాబిట్లు పరిస్థితిని బట్టి 37 నుంచి 55 మీటర్ల దాకానే నమ్మదగినది. నరసాపురంలో ఈ రోజు అంత అవసరం ఉన్న గదులు చాలా తక్కువ.

ఇక లోహం సంగతి. నా దృష్టిలో ఈ ప్రశ్న మొత్తానికీ ఇదే కేంద్రం. మార్కెట్లో దొరికే చవక పెట్టెల్లో చాలావాటిలో తీగ రాగి కాదు. అల్యూమినియం మీద పల్చని రాగి పూత. సీసీఏ అంటారు. పెట్టె మీద క్యాట్ 6 అని పెద్దగా రాసి, సీసీఏ అన్న మూడక్షరాలు ఎక్కడో మూల వేస్తారు, లేదా అసలు వేయరు. రెండు ప్రమాణ కుటుంబాలూ రాగి తీగనే కోరుతాయి. కాబట్టి సీసీఏ కేబుల్ మీద ఏ క్యాట్ అంకె వేసినా అది చెల్లదు.

పట్టుకోవడం కష్టం కాదు. ఒక తీగ ప్లాస్టిక్ ఒలిచి, బ్లేడుతో మెల్లగా గీకాలి. లోపల తెల్లగా మెరిస్తే అల్యూమినియం; ఎంత గీకినా ఎర్రగానే ఉంటే రాగి. తీగను అటూ ఇటూ నాలుగైదుసార్లు వంచితే సీసీఏ పుటుక్కున విరుగుతుంది, రాగి ఇంకా వంగుతూనే ఉంటుంది. పెట్టె ఎత్తి చూసినా తెలుస్తుంది. 305 మీటర్ల క్యాట్ 5ఈ పెట్టెలో ఎనిమిది తీగలూ కలిపి సుమారు 2440 మీటర్ల తీగ ఉంటుంది. 0.51 మిల్లీమీటర్ల రాగి అయితే ఆ తీగ బరువే నాలుగున్నర కిలోలు. అంతే తీగ సీసీఏలో రెండు కిలోలకు అటూ ఇటూగా తూగుతుంది. రెండు పెట్టెలు రెండు చేతుల్లో పట్టుకుంటే తేడా దాచలేరు.

తేడా బరువులోనే కాదు. వంద మీటర్ల 0.51 రాగి తీగకు నిరోధం సుమారు 8.4 ఓములు, ప్రమాణం 9.38 దాటవద్దంటుంది. అదే సైజు సీసీఏ తీగకు 13 ఓముల దాకా ఉంటుంది. నెట్ ఒక్కటే పంపితే కొద్ది దూరం వరకు ఇది బయటపడదు, అందుకే అమ్మేవాళ్లు "నడుస్తోంది కదండీ" అంటారు. కెమెరా పెట్టగానే బయటపడుతుంది.

ఊళ్లో చాలాచోట్ల కెమెరాకు కరెంటు వేరే వైరులో లాగరు. 12 వోల్టుల అడాప్టరు తెచ్చి, నీలం, గోధుమ జంటల్లో ఆ కరెంటు పంపి, నారింజ, ఆకుపచ్చ జంటల్లో నెట్ నడుపుతారు. పగలంతా బాగానే ఉంటుంది. సాయంత్రం చీకటి పడి కెమెరా చుట్టూ ఎర్రని చిన్న దీపాలు వెలగగానే అది ఆగి మళ్లీ మొదలవుతుంది, కాసేపటికి మళ్లీ ఆగుతుంది. లెక్క చూడండి. 50 మీటర్ల సీసీఏ, పోవడానికి రెండు తీగలు, రావడానికి రెండు తీగలు: మొత్తం నిరోధం ఆరున్నర ఓములు. పగలు కెమెరా 0.2 ఆంపియర్లు లాగితే 1.3 వోల్టులు దారిలో పోతాయి. రాత్రి అర ఆంపియరు లాగితే 3.25 వోల్టులు పోయి కెమెరాకు చేరేవి 8.75 మాత్రమే. అదే నిడివిలో మంచి రాగి అయితే పోయేవి రెండు వోల్టులకు కాస్త పైన. కెమెరా చెడిందనుకుని మార్చిన వాళ్లున్నారు. కొత్త కెమెరా కూడా రాత్రయ్యేసరికి అదే పని చేసింది.

దీనికి ప్రమాణబద్ధమైన దారి, నెట్‌తో పాటు అదే కేబుల్‌లో కరెంటు కూడా పంపే పీఓఈ స్విచ్. 2003 నాటి 802.3ఏఎఫ్ ప్రకారం స్విచ్ నుంచి 15.4 వాట్లు బయల్దేరితే పరికరానికి 12.95 వాట్లు హామీగా చేరాలి. మధ్యలో పోయేది కేబుల్ వాటా అని ముందే లెక్కలో పెట్టారు. 48 వోల్టుల ప్రాంతంలో పంపడం వల్ల అదే శక్తికి కరెంటు నాలుగో వంతుకు తగ్గుతుంది, దారిలో నష్టం ఇంకా బాగా తగ్గుతుంది. స్విచ్ పంపగల శక్తి 2009లో 30 వాట్లకు, 2018లో 90 వాట్లకు పెరిగింది. అన్నిటిలోనూ కేబుల్ రాగిదే అన్నది షరతు. పెద్ద కరెంట్లు సీసీఏ కట్టల్లో పంపితే వేడెక్కుతాయి కూడా; ఆసుపత్రి, హాస్టల్, స్కూలు వంటి చోట్ల ఇది ఆషామాషీగా వదిలేసే విషయం కాదు.

కేబుల్ మంచిదే అయినా కొస దగ్గర చెడగొట్టవచ్చు. తెల్లనారింజ, నారింజ, తెల్లపచ్చ, నీలం, తెల్లనీలం, పచ్చ, తెల్లగోధుమ, గోధుమ: మన దగ్గర అందరూ వాడే 568బి వరస ఇది. ఇందులో పచ్చ జంట విడిపోయి 3, 6 స్థానాల్లో కూర్చుంటుంది, నీలం జంట మధ్యలోకి వస్తుంది. కొత్తగా పని నేర్చుకునే కుర్రాడికి ఇది అడ్డదిడ్డంగా కనిపిస్తుంది. జంటలన్నీ పక్కపక్కనే పెట్టి, రెండు కొసల్లోనూ అదే వరస వేస్తాడు. చేతిలోని చిన్న టెస్టరు పెడితే ఎనిమిది దీపాలూ వరసగా వెలుగుతాయి. తీగలన్నీ ఇటు నుంచి అటు చేరాయి కాబట్టి టెస్టరుకు తప్పేమీ కనిపించదు. కానీ 3, 6 స్థానాల్లో ఇప్పుడు ఒక జంటలోని తీగా ఇంకో జంటలోని తీగా ఉన్నాయి. పురి చేసే పని అక్కడితో పోయింది. కొద్ది దూరానికి ఎలాగో లాక్కొస్తుంది. దూరం పెరిగితే పేజీలు ఆగి ఆగి తెరుచుకుంటాయి, వీడియో కాల్ ముక్కలవుతుంది. ఎందుకో ఎవరికీ అంతుపట్టదు.

జాక్ దగ్గర పురి విప్పే పొడవు 13 మిల్లీమీటర్లు దాటవద్దని ప్రమాణం చెబుతుంది. అర అంగుళం. చేతికి వీలుగా ఉంటుందని రెండు అంగుళాలు విప్పి, తొడుగు జాక్ లోపలికి రాకుండానే క్రింప్ చేసేవాళ్లను చూస్తూనే ఉంటాం. తొడుగును జాక్ పట్టుకోకపోతే, లాగిన ప్రతిసారీ బరువు ఎనిమిది సన్న తీగల మీద పడుతుంది. ఎక్కడో ఒక తీగ సడలుతుంది. దాని గుర్తు చాలా స్పష్టం: నెట్ ప్లాన్ 200 అయినా 300 అయినా స్పీడ్ టెస్టులో 94 దగ్గర ఆగిపోతుంది. గిగాబిట్‌కు నాలుగు జంటలూ కావాలి. నీలమో గోధుమో తెగితే చాలా పరికరాలు తమంతట తామే రెండు జంటల వంద మెగాబిట్ల పద్ధతికి దిగిపోతాయి, అందులో వాడుకకు మిగిలేది 94, 95. ఆ అంకె కనిపిస్తే కంపెనీకి ఫోను చేసే ముందు జాక్ మార్చి చూడటం మంచిది.

వాతావరణం విషయానికి వస్తే ప్రమాణాల కొలతలన్నీ 20 డిగ్రీల సెల్సియస్ దగ్గరివి. నరసాపురంలో మే నెలలో అలాంటి గది ఏసీ వేస్తే తప్ప ఉండదు. షీల్డు, అంటే తీగల చుట్టూ లోహపు పొర, లేని కేబుల్లో 20 నుంచి 40 డిగ్రీల దాకా డిగ్రీకి 0.4 శాతం, ఆపైన 60 దాకా 0.6 శాతం చొప్పున క్షీణత పెరుగుతుందని లెక్క. ఎండలో కాలే డాబా మీద పైపులో పోయే కేబుల్ 60 డిగ్రీలకు చేరితే నష్టం అయిదో వంతు ఎక్కువవుతుంది. అలాంటి చోట వంద మీటర్లు అనుకోకుండా ఎనభై దగ్గరే ఆగాలి.

ఎండకన్నా నీరు పెద్ద శత్రువు. గదుల్లో వాడే బూడిదరంగు పీవీసీ తొడుగు ఎండకు పెళుసెక్కి చిట్లుతుంది, ఆ చిట్లులోంచి వాననీరు దిగుతుంది. తీగ చుట్టూ ఉండే పాలిథిలీన్ విద్యుత్ స్వభావానికీ నీటి స్వభావానికీ పోలిక లేదు. డైఎలక్ట్రిక్ విలువ ఒకదానికి 2.3, ఇంకోదానికి 80 దగ్గర. కేబుల్లో నీరు చేరితే సంకేతం నడక మొత్తం మారిపోతుంది. పైగా లోపలి సందుల వెంట నీరు మీటర్ల కొద్దీ పాకి, చివరికి రౌటర్ జాక్‌లోంచి బొట్లుగా రాలుతుంది. బయటికి వెళ్లే ప్రతి గజానికీ నల్లని పాలిథిలీన్ తొడుగున్న, వీలైతే జెల్ నింపిన అవుట్‌డోర్ కేబుల్ వాడాలి. గోడలోకి దూరే ముందు కేబుల్‌ను కిందికి ఒక వంపు తిప్పి పైకి తేవాలి. వాననీరు ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. రూపాయి ఖర్చు లేని ఈ పని చేసినవాళ్లు తక్కువ.

ఉప్పుగాలి సంగతి పేరుపాలెం వైపు ఇళ్లున్నవాళ్లకు చెప్పక్కర్లేదు. గేటు మీది కెమెరా జాక్ రెండేళ్లకు విప్పితే పచ్చని చిలుము కనిపిస్తుంది. జాక్ లోపలి సన్న పిన్నుల మీద బంగారు పూత వేస్తారు. మంచి రకాల్లో అది 50 మైక్రో అంగుళాలు, అంటే 1.27 మైక్రాన్లు. చవక జాక్‌లో పూత పేరుకే ఉంటుంది. పీఓఈ కరెంటు నడుస్తున్న పిన్ను మీద తేమ, ఉప్పు కలిస్తే తుప్పు ఇంకా వేగంగా పడుతుంది. జాక్‌ను మూసే పెట్టె, రబ్బరు బిగింపు, డైఎలక్ట్రిక్ గ్రీజు కలిపి కూడా కెమెరా ఖరీదులో చిన్న భాగమే.

కేబుల్ ఒక కట్టడం దాటి ఇంకో కట్టడానికి వెళ్తే మాత్రం నా సలహా మారుతుంది. అక్కడ రాగి వద్దు. రెండు కట్టడాల ఎర్తులు ఒకటి కావు. దగ్గర్లో పిడుగు పడ్డప్పుడు ఆ రెండింటి మధ్య వేల వోల్టుల తేడా ఒక్క క్షణం ఏర్పడి, వాటిని కలిపే సన్న రాగి తీగ మీదుగా పరుగెత్తుతుంది. ఈథర్నెట్ పోర్టులోని చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు 1500 వోల్టుల పరీక్షకు తట్టుకునేలా చేస్తారు. పిడుగు ముందు అది ఏపాటిది? షీల్డున్న కేబుల్ వేస్తే సరిపోతుందన్న నమ్మకం కూడా ఉంది. షీల్డు సరైన ఎర్తుకు కలిస్తేనే దానికి అర్థం. ఎర్తు సరిగా లేని ఇంట్లో అది డబ్బు దండగ.

గాజు తీగకు ఈ బాధ లేదు. రాష్ట్ర ప్రభుత్వ ఫైబర్‌నెట్ కరెంటు స్తంభాల మీద వేసినది లోహం లేకుండా తన బరువు తానే మోసే రకం ఫైబర్ కాబట్టే కరెంటు తీగల పక్కన ఉండగలిగింది. నరసాపురానికి ఎదురుగా, మాధవాయిపాలెం రేవులో గోదావరి దాటితే సఖినేటిపల్లి, ఆ మండలంలోనే మోరి. 2016 డిసెంబరులో ఇంటింటికీ ఫైబర్ ఇచ్చిన డిజిటల్ గ్రామంగా మోరి పేరు దేశమంతా వినిపించింది. బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఆ ప్రయత్నంలో కలిసి పనిచేసింది. మరుసటి ఏడాది డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఫైబర్‌నెట్‌ను అధికారికంగా ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకు నెట్, టీవీ, ఫోను అన్నది అప్పటి మాట. చర్చంతా ఫైబర్ ఎన్ని కిలోమీటర్లు వేశారన్న దాని మీదే నడిచింది. ఇంటి గోడ లోపల ఏ తీగ ఉండాలో ఏ పథకమూ పట్టించుకోలేదు. ఆ పని కేబుల్ ఆపరేటరు దగ్గర పనిచేసే కుర్రాడికి, అతని చేతిలో ఉన్న పెట్టెకు వదిలేశారు.

తుపాన్ల తర్వాత రాగికీ ఫైబర్‌కూ ఉన్న తేడా ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 1996 నవంబరు తుపాను కోనసీమ కొబ్బరి తోటలను నేలమట్టం చేసినప్పుడు స్తంభాల మీది టెలిఫోన్ తీగలన్నీ పోయాయి. 2025 అక్టోబరు 28 రాత్రి మోంథా తుపాను నరసాపురానికి దగ్గర్లోనే తీరం దాటింది. చెట్టు పడితే ఫైబర్ కూడా తెగుతుంది. కానీ తెగిన ఫైబర్‌ను అతికిస్తే పాత రోజులాగే పనిచేస్తుంది. నీరు తాగిన రాగి కేబుల్ అలా కాదు. ఎండిపోయినట్టు కనిపించి, నెలల తర్వాత తుప్పుతో పగ తీర్చుకుంటుంది.

రొయ్యల చెరువుల మీద ఈ లెక్కలన్నీ ఒకచోట కలుస్తాయి. ఎకరం అంటే 4047 చదరపు మీటర్లు. రెండెకరాల చెరువు చతురస్రంగా ఉంటే ఒక్కో గట్టు 90 మీటర్లు. షెడ్డు ఒక మూల, కెమెరా ఎదురు మూల పెట్టాలంటే గట్టు వెంట 180 మీటర్ల కేబుల్ కావాలి. ఈథర్నెట్ హద్దు అక్కడే దాటిపోయింది. కొన్ని పీఓఈ స్విచ్‌లలో చిన్న మీట ఉంటుంది. అది నొక్కితే వేగం 10 మెగాబిట్లకు తగ్గి 250 మీటర్ల దాకా నడుస్తుందని తయారీదారులు చెబుతారు. ప్రమాణంలో లేనిదే అయినా, మంచి రాగితో ఒక్క కెమెరాకు అది పనిచేస్తుంది. సీసీఏతో దాని మీద ఆశ పెట్టుకోకూడదు. ఏరేటర్లు తిప్పే మోటార్లు, వాటి స్టార్టర్లు, జనరేటరు, చుట్టూ ఉప్పునీరు, తలపైన ఖాళీ ఆకాశం ఉన్న చోట నేనైతే గట్టు వెంట ఫైబర్ వేసి, కెమెరా స్తంభం దగ్గర ఫైబర్ నుంచి రాగికి మార్చే చిన్న కన్వర్టరు పెట్టి, చివరి రెండు మూడు మీటర్లే రాగి ఉంచుతాను. ఫైబర్ మీటరు ధర ఇప్పుడు మంచి రాగి కేబుల్ కన్నా తక్కువే. కన్వర్టరుకు కరెంటు కావాలన్నది నిజం, కానీ ఏరేటరు కోసం గట్టు మీదికి కరెంటు ఎలాగూ వెళ్లింది.

వైఫై వచ్చాక వైర్లెందుకు అనేవాళ్లున్నారు. కాంక్రీటు శ్లాబు కింద రౌటర్ పెట్టి మేడ మీద పాఠాలు వినే పిల్లలున్న ఇంట్లో దీనికి జవాబు దొరుకుతుంది. పైన ఇంకో వైఫై పెట్టె పెట్టాలి, దానికి కింది నుంచి కేబుల్ రావాలి. గాలిలో కనిపించే వేగం చివరికి గోడలోని తీగకే కట్టుబడి ఉంటుంది. ఇల్లు కట్టేటప్పుడే ప్రతి అంతస్తుకూ కరెంటు పైపుతో కలవని వేరే పైపు ఒకటి, లోపల రెండు క్యాట్ 6 కేబుళ్లు వేయించుకోవడం మేస్త్రీకి గంట పని. తర్వాత గోడ పగలగొట్టి వేయించడం వేరు.

పరీక్ష లేకపోవడం మనకున్న పెద్ద లోటు. చిన్న టెస్టరు తీగ తెగిందా లేదా అన్నదే చెబుతుంది. క్రాస్‌టాక్, క్షీణత, జంటల మధ్య ఆలస్యం, నిరోధం కొలిచి ఇది క్యాట్ 6 మార్గమే అని కాగితం ఇచ్చే పరికరం ఖరీదు లక్షల్లో ఉంటుంది. ప్రతి ఇంటికీ అది సాధ్యం కాదు. కానీ ప్రభుత్వ కాలేజీ, ఆసుపత్రి, మున్సిపల్ ఆఫీసు, బ్యాంకు వంటి చోట్ల వైరింగు కాంట్రాక్టు ఇచ్చేటప్పుడు ప్రతి పాయింటుకూ ఆ నివేదిక ఇచ్చాకే బిల్లు చెల్లిస్తామని ఒక్క వాక్యం రాస్తే చాలు. సీసీఏ పెట్టె ఆ గుమ్మం దాటి లోపలికి రాదు. కొలిచే పరికరం అద్దెకు ఇచ్చే వ్యాపారం భీమవరంలోనో రాజమండ్రిలోనో తనంతట తానే పుడుతుంది. మన ఐటీఐ, పాలిటెక్నిక్ పిల్లలకు ఇది మంచి బతుకుదెరువు కూడా.

2019లో ఐఈఈఈ ఇంకో ప్రమాణం రాసింది: నాలుగు జంటల బదులు ఒక్క జంట మీద 10 మెగాబిట్లు, వెయ్యి మీటర్ల దూరం, అదే జంటలో పరికరానికి కరెంటు. ఫ్యాక్టరీల్లో సెన్సర్ల కోసం చేశారు దాన్ని. చెరువులోని ఆక్సిజన్, ఉప్పు శాతం, ఉష్ణోగ్రత కొలిచే పరికరాలకు అంతకన్నా వేగం అక్కర్లేదు, దూరమే కావాలి. పరికరాలు ఇంకా మన కొట్లలోకి రాలేదు, ధర కూడా ఎక్కువే. వచ్చిన రోజున రైతు ఆ ఒక్క జంటను కూడా గీకి, లోపల ఎర్రగా ఉందో తెల్లగా ఉందో చూసి కొనాలి.